ఎఱిగియుఁ జేయలేనివారికిఁ జేయూత

ఉన్నతవిద్య నభ్యసించి, పెద్ద కంపెనీలో పదిమందిచేత పని చేయించుచు, చిక్కువడిన వ్యవహారములను అవలీలగా చక్కబెట్టగలిగిన వ్యక్తి, బ్యాంకులో సొమ్ముండియు కరెంటు బిల్లు గడువులోపల కట్టలేక, వైద్యునికి ఫోను చేయవలెనని నెలల తరబడి అనుకొనుచు చేయలేక, ఆదివారము సాయంకాలమగుసరికి తన్ను తాను నిందించుకొనుచు కూర్చుండుట నేటి మహానగరములలో అరుదైన దృశ్యము కాదు. ఇట్టివారికి తోడు నిలిచి, చేయవలసిన పనిని చేయదగినంత చిన్న భాగములుగా విడగొట్టి, కాలమును కంటికి కనబడునట్లు అమర్చి, తలపెట్టినది తుదముట్టువరకు వెన్నంటియుండు వృత్తి యొకటి గడచిన ముప్పదియేండ్లలో అమెరికాయందు రూపుగట్టి, క్రమముగా ఇతర దేశముల నగరములకును వ్యాపించినది. దానిని ఎగ్జిక్యూటివ్ ఫంక్షనింగ్ కోచింగ్ అందురు. కలవారి కొత్త వేడుక యని దీనిని తీసివేయువారు కలరు. దీని పుట్టుక తెలిసినవారు అట్లు తీసివేయజాలరు. ఏలయన దీని వేళ్లు గాయపడిన మెదడులకు జరిగిన పరిచర్యలో నాటుకొనియున్నవి.

కథ 1848వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున, కావెండిష్ అను చిన్న ఊరి చెంత మొదలగును. రైలుమార్గమునకై బండలు పగులగొట్టు కూలీలపై మేస్త్రీగానున్న ఫినియాస్ గేజ్ అను ఇరువదియైదేండ్ల యువకుడు రాతిలో తొలిచిన రంధ్రమున మందుగుండు దట్టించుచుండగా అది ప్రేలి, 3 అడుగుల 7 అంగుళముల పొడవును, 13 పౌన్లకు పైబడిన బరువును గల ఇనుపకడ్డీ అతని ఎడమచెంప క్రిందుగా దూరి నడినెత్తిన వెలువడెను. అతడు చావలేదు, కొలది నిమిషములలోనే మాటాడెను, నడిచెను. చికిత్స చేసిన జాన్ హార్లో అను వైద్యుడు 1868లో ప్రకటించిన వ్యాసమునందు, పూర్వము వ్యవహారదక్షుడై, వేసికొన్న పథకమును పట్టుదలతో నెరవేర్చువాడని పేరుగన్న గేజ్, గాయమునకు పిమ్మట పథకములు పెక్కు వేయుచు, వేసినంతలోనే వానిని విడిచిపెట్టువాడయ్యెనని వ్రాసెను. తెలివి నిలిచియుండగానే తలపునకును చేతకును నడుమ లంకె తెగిపోవచ్చునను సంగతి వైద్యలోకము ఎదుటికి వచ్చిన సందర్భమది.

పాఠ్యపుస్తకములు తరచుగా ఇక్కడనే ఆగిపోవును. నాకు అటుపిమ్మటి కథయే ముఖ్యముగా తోచును. గేజ్ 1852లో చిలీ దేశమునకు పోయి, వల్పరైసో, శాంటియాగో నగరముల నడుమ గుఱ్ఱపుబండి తోలుచు ఏడేండ్లకు దగ్గరగా పొట్టపోసికొనెను. వేకువనే లేవవలెను, గుఱ్ఱములకు మేత వేసి, బండికి పూన్చి, సామానులెక్కించి, ప్రయాణికుల నెక్కించుకొని, తెలిసిన దారిన తెలిసిన వేళకు చేరవలెను. ఒక పని ముగియుటయే తరువాతి పనికి పిలుపగునట్టి ఈ దినచర్యయే అతనిని మరల నిలువదొక్కుకొనజేసి యుండునని, గేజ్ జీవితమును ఆమూలాగ్రము పరిశోధించిన చరిత్రకారుడు మాల్కమ్ మాక్మిలన్ తలచెను. ఇది ఊహయే యైనను, లోపల సడలిన క్రమమునకు వెలుపలి క్రమము ఊతమీయగలదను ఆలోచన ఇందున్నది. ఈ వృత్తికంతటికిని మూలసూత్రము అదియే.

ఆ సూత్రమును కంటికి కట్టినట్లు చూపినవారు సోవియట్ రష్యాలోని లెవ్ వైగాట్‌స్కీ, అలెగ్జాండర్ లూరియా అను మనస్తత్వవేత్తలైన ఇరువురు మిత్రులు. పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుడొకడు సమతలమైన నేలపై రెండడుగులైనను వేయలేక నిలిచిపోవుచుండెను. అతడే మెట్లను మాత్రము ఎక్కగలుగుచుండెను. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క అడుగును పిలుచుచున్నది కాబోలునని గ్రహించిన వైగాట్‌స్కీ, గదిలో నేలపై చిన్న చిన్న కాగితపు ముక్కలను వరుసగా పఱచి, వానిని ఒక్కటొక్కటిగా దాటుమనెను. కదలలేనివాడు గదిని దాటిపోయెను. మందు లేదు, శస్త్రము లేదు, ఉపదేశము అంతకన్న లేదు. ఇంత చిన్న సాధనముతో మనిషి స్వభావమును గూర్చి ఇంత లోతైన విషయము తేటపడిన ఘట్టము వైద్యచరిత్రలో వేఱొకటి నేనెఱుగను.

వైగాట్‌స్కీ క్షయవ్యాధిచే 1934లో, 37 ఏండ్ల ప్రాయముననే కన్నుమూసెను. లూరియా ఆ దారి విడువలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఉరల్ పర్వతప్రాంతమున, తలకు గాయములైన సైనికుల ఆసుపత్రికి ఆయన అధిపతియై యుండెను. నుదుటి వెనుక నుండు మెదడుభాగము, అనగా లలాటఖండము, దెబ్బతిన్నవారు అడిగిన ప్రశ్నకు బదులు చెప్పగలరు, విన్న వాక్యమును గ్రహింపగలరు. అయినను తమంతట తాము ఒక కథను మొదటినుండి తుదివరకు నడపజాలరు. అట్టివారికి ఆయన చూపిన ఉపాయమిది: మనస్సునకు తోచిన తునకలను ఏ వరుసలోనైన సరే విడివిడి కాగితములపై వ్రాయించి, పిమ్మట ఆ కాగితములను ఎదుట పఱచి, ఇటునటు జరుపుచు, ముందేదో వెనుకేదో తేల్చుకొననిచ్చుట. తలలో కుదురని ఏర్పాటు కంటి యెదుట కుదిరెను. నేడు కోచ్ ఒకడు రంగురంగుల చీటీలపై పనులు వ్రాయించి, గోడకంటించి, వరుస మార్పించునపుడు, తెలిసియో తెలియకయో లూరియా పద్ధతినే పాటించుచున్నాడు.

పనిని తలపెట్టి, వరుసపఱచి, తుదముట్టించు ఈ శక్తులకు పేరు మాత్రము చాల ఆలస్యముగా వచ్చినది. కార్ల్ ప్రిబ్రామ్ అను మెదడు శాస్త్రజ్ఞుడు 1973లో లలాటఖండమును మెదడునకు కార్యనిర్వాహకునిగా, అనగా ఎగ్జిక్యూటివ్‌గా, వర్ణించెను. మరుసటియేట బ్రిటన్‌లో అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్‌లు పని జరుగుచున్నంతసేపు విషయమును పట్టియుంచు జ్ఞాపకమును వివరించుచు, దానిని నడపు కేంద్రనిర్వాహకు నొకనిని ప్రతిపాదించిరి. అమెరికాలో మ్యూరియల్ లెజాక్ అను విదుషి 1982లో ఒక చక్కని చిక్కును ఎత్తిచూపెను. పరీక్షాగదిలో ఏమి చేయవలెనో, ఎప్పుడు మొదలిడి ఎప్పుడు ముగింపవలెనో పరీక్షకుడే చెప్పును, కావున రోగిలో ఏ శక్తి కొఱవడినదో దానిని పరీక్షకుడే సమకూర్చుచున్నాడు, లోపము బయటపడుటెట్లు?

లండన్‌లో టిమ్ షాలిస్, పాల్ బర్జెస్ అనువారు 1991లో ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్నకు బదులుగా రోగిని గదినుండి బజారునకు తీసికొనిపోయెను. తలకు గాయమై, తెలివి పరీక్షలలో చక్కని ఫలితములు పొందియు, ఇంటిలోను ఉద్యోగములోను నెగ్గుకొనిరాలేని ముగ్గురను వారు అంగడివీథికి పంపిరి. ముడిగోధుమ రొట్టె యొకటి, గొంతునొప్పి బిళ్లలు, ఇట్టివి కొన్ని కొనవలెను. పౌను టమాటాల వెల యెంతో, నిన్న బ్రిటన్‌లో మిక్కిలి చలిగానున్న ఊరేదో కనుగొని కార్డుపై వ్రాయవలెను. బయలుదేరిన పదునైదు నిమిషములకు చెప్పిన చోట నిలువవలెను. ఖర్చు తగ్గింపవలెను, కొనుటకు తప్ప దుకాణమున అడుగిడరాదు. వీనిలో కష్టమైన పని యొక్కటియు లేదు. అన్నిటిని కలిపి ఒక వరుసలో పెట్టుకొని, నడుమ ఎదురైన వానికి చెదరక సాగుటయే కష్టము. ఆ ముగ్గురును నియమములు తప్పిరి, పనులు కొన్ని విడిచిరి. నగరవాసి దినమంతయు ఇట్టి బజారే గదా! ఒక్కొక్కటిగా చూచిన ఏ పనియు కష్టము కాదు. కావుననే చేయలేకపోయినవానికి లోకము సోమరియను పేరు పెట్టును, అతడును దానిని నమ్మును. ఆ నమ్మకమునకు విరుగుడు ఈ పరిశోధన లందించినవి.

శిక్షణవృత్తి వేఱొక పాయగా వచ్చి ఇందు కలిసెను. టెన్నిస్ నేర్పుచుండిన టిమొతీ గాల్వే 1974లో ప్రకటించిన గ్రంథమునందు, ఆటగాని తప్పులెన్నుటకంటె అతని గమనింపును మేల్కొలుపుట మేలని బోధించెను. ఆర్థిక సలహాదారుగానుండిన థామస్ లెనర్డ్ 1992లో కోచ్‌లకు శిక్షణాలయము నెలకొల్పెను. 1995లో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్ ఏర్పడెను. అదే కాలమున ఏడీహెచ్‌డీ, అనగా అవధానలోపము, బాల్యముతో తీరునది కాదని వైద్యులు ఒప్పుకొనుచుండిరి. పిల్లలవైద్యుడు జార్జ్ స్టిల్ 1902లో లండన్‌లో ఉపన్యసించిన నాటినుండి అది పిల్లల సమస్యగానే భావింపబడినది. 1980నాటి అమెరికా మనోవైద్యుల వర్గీకరణమున పెద్దలయందును అది మిగిలియుండునని గుర్తించిరి. ఎడ్వర్డ్ హాలోవెల్, జాన్ రేటీ అను ఇరువురు మనోవైద్యులు, తామును ఆ లోపము గలవారే యగుటచే, 1994లో వెలువరించిన గ్రంథమున రోగికి కోచ్ అవసరమని వ్రాసిరి. దినమునకు పది పదునైదు నిమిషముల ఫోను. ఏ సహాయము కావలెను, ఏ బాధ్యతలు మీద పడనున్నవి, నేటి ఏర్పాట్లేవి యని ప్రశ్నలు. తుదకు ఒక ప్రోత్సాహవాక్యము. రసెల్ బార్క్లీ అను మనస్తత్వవేత్త 1997లో ఈ లోపమును ఆత్మనియంత్రణ లోపముగా వివరించి, ఇట్టివారికి కొఱవడినది తెలివి కాదనియు, తెలిసినదానిని సమయమునకు చేయుటయేననియు, కావున సహాయము పని జరుగు చోటనే అందవలెననియు వాదించెను. ఈ వృత్తికి శాస్త్రబలము నిచ్చినవారిలో ఇతడే ప్రధానుడని నా అభిప్రాయము.

సంభాషణ ఎట్లు సాగునో ఒకింత దగ్గరగా చూతము. ఆదాయపుపన్ను రిటర్ను వేయవలెనని నెలగా కుములుచున్నవానితో కోచ్ క్రమశిక్షణను గూర్చి ఉపన్యసింపడు. మొదటి పని యేదని అడుగును. ఫారం 16 వచ్చిన ఈమెయిలును వెదకుట యని తేలును. ఎప్పుడని అడుగును. రేపు అను మాట చాలదు. రాత్రి భోజనమై పళ్లెము కడిగి పెట్టగానే ల్యాప్‌టాప్ తెఱతునను మాట కావలెను. ఇది జరిగిన వెంటనే అది చేయుదునని ముడిపెట్టుకొన్న సంకల్పము నెరవేరు అవకాశము హెచ్చని జర్మనీకి చెందిన పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు నిరూపించినవి. వాయిదా వేయువానికి మరియొక సాధనము సహవాసము: వీడియోలో ఇరువురును ఎదురెదురుగా కూర్చుండి, మాటలాడక, ఎవరి పని వారు అరగంట చేసికొందురు. గడియారము ముల్లుకు మారుగా, తఱిగిపోవు రంగుపళ్లెము గల టైమరును బల్లపై నుంతురు. మిగిలిన కాలమెంతయో లెక్కింప నక్కఱలేక కనబడును.

ఇంతవఱకు ప్రశంసించితిని గాన ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. న్యూయార్క్‌లో మేరీ సొలాంటో బృందము 88 మందిపై, బోస్టన్‌లో స్టీవెన్ సాఫ్రెన్ బృందము 86 మందిపై జరిపి 2010లో ప్రకటించిన పరీక్షలు ఏర్పాటు, కాలనిర్వహణ నేర్పుటవలన పెద్దలలో అవధానలోప లక్షణములు తగ్గునని చూపినవి. కాని అవి మనస్తత్వవేత్తల చికిత్సలు. కోచ్ కావలెనన్న మనదేశమున ప్రభుత్వపు అనుమతిపత్రము అక్కఱలేదు. ఎవరైన ఆ పేరు పెట్టుకొనవచ్చును. మనోవ్యాకులము, నిద్రలేమి, థైరాయిడ్ లోపము సైతము ఇవే లక్షణములను చూపును. కావున ముందుగా వైద్యుని చూచుటయే యుక్తము. బెంగళూరు నిమ్హాన్స్ వారు ఈ శక్తులను కొలుచుటకు మన జనమున ప్రమాణీకరించిన పరీక్షామాలికను 2004లో ప్రకటించిరి. అట్టి పరీక్ష చేయగల మనస్తత్వ నిపుణులు మన నగరములలోను కలరు.

హైదరాబాదులోని మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతముల ఉద్యోగులును, అమెరికాలోని మన ఇంజనీర్లును ఈ సహాయమును కోరుట చూచి, మన పెద్దలకు ఇట్టివి కావలసివచ్చెనా యని ప్రశ్నించువారికి ఒక్కమాట. కావలసివచ్చినది. గోడమీద బొగ్గుతో గీచిన పాలలెక్కయు, చాకలిపద్దును, మఱచిపోకుండుటకై కొంగున వేసిన ముడియు వెలుపల నుంచిన జ్ఞాపకములే. ఎవరికే మందు ఏ వేళకో, ఏ ఫీజునకు ఏది గడువో, ఏ చుట్టమింట ఏ శుభకార్యమో తలలో మోసినది ఇంటి ఇల్లాలు. ఆమె చేసినది కోచ్ పనియే. దానికి జీతము లేదు, పేరు లేదు. భార్యాభర్త లిరువురును ఆఫీసుకు పోవు ఇంట ఆ భారము మరల ఆమెపైననే పడుచున్నది. సోమరియను నింద సైతము ఆమెనే ముందు చేరుచున్నది. అట్టి ఇంట ఈ సహాయమును భర్తయు కోరి, పనులపట్టికను ఇరువురి ఎదుటను పెట్టించుకొనుట న్యాయము.

ఈ సహాయము కలకాలము ఒకేరీతిగా సాగదు. కోచ్‌తో వారమునకొక పర్యాయము జరుగు సంభాషణను కొన్ని నెలలు గడచినపిదప పక్షమునకును, ఆపై నెలకును తగ్గించుట నిపుణులైన కోచ్‌ల ఆచారము. ఉద్యోగము మారుట, బిడ్డ కలుగుట, తల్లిదండ్రులకు జబ్బుచేయుట వంటివానివలన పాత ఏర్పాటు చెదరిన యెడల, మరల కొన్నివారములు కూర్చుండి క్రొత్త ఏర్పాటు చేసికొందురు.