రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా?

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కొట్టినవాడు రాజైతే అడిగే నాథుడు లేడని దాని భావం. ఇప్పుడు రాజులు లేరు. 1950 నుంచి మనకు రాజ్యాంగం ఉంది, అందులో ప్రాథమిక హక్కులున్నాయి. మరి ఆ సామెతకు కాలం చెల్లిందా? మూడు కేసుల సంగతి చెబుతాను, మీరే ఆలోచించండి.

మొదటిది బంగారం తగాదా. 1947 సెప్టెంబరులో అమృతసర్ వర్తకుడొకాయన సరుకు అమ్ముకుందామని మీరట్ వచ్చాడు. పోలీసులు అనుమానం మీద పట్టుకుని లాకప్పులో పెట్టారు, బంగారం, వెండి తీసేసుకున్నారు. తర్వాత మనిషిని వదిలేశారు, వెండి తిరిగిచ్చారు. కాని నూటమూడు తులాల పైచిలుకు బంగారం మాత్రం ఇవ్వలేదు. దాన్ని కాపాడవలసిన హెడ్ కానిస్టేబులే ఎత్తుకుని పాకిస్తాను పారిపోయాడట! దావా సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది, 1964లో తీర్పు వచ్చింది. పోలీసుల నిర్లక్ష్యం నిజమేనన్నారు న్యాయమూర్తులు. అయినా అరెస్టు చెయ్యడం, సొత్తు పట్టుకోవడం సార్వభౌమాధికారంతో చేసే పనులు కాబట్టి సర్కారు డబ్బు కట్టనక్కర్లేదని తీర్పు చెప్పారు. ఈ పద్ధతి బాగా లేదు, చట్టం తెచ్చి సరిచెయ్యండి అని కూడా అన్నారు. బిల్లు పార్లమెంటులో పెట్టారు గాని చట్టం కాలేదు.

ఈ సార్వభౌమాధికారం మాట తెల్లదొరల నాటిది. 1861లో కలకత్తాలో సర్కారు రేవులోని పనివాళ్ళ అజాగ్రత్తవల్ల ఒక కంపెనీవారి బండి గుర్రానికి దెబ్బ తగిలింది. అది వ్యాపారంలాంటి పని గనుక సర్కారు నష్టం కట్టాలన్నారు; ఏలికగా చేసే పనికైతే అక్కర్లేదన్నారు. స్వరాజ్యం వచ్చాక కూడా ఆ తేడా మనల్ని వదలలేదు. గుర్రానికి దొరికిన న్యాయం మనిషికి దొరకలేదన్నమాట.

రెండోది ఒక తల్లి కథ. 1987 డిసెంబరు 1న ఒరిస్సాలోని సుందర్‌గఢ్ జిల్లాలో నీలావతి బెహరా అనే ఆమె కొడుకును, ఇరవైరెండేళ్ళవాణ్ణి, దొంగతనం కేసులో విచారించాలని పోలీసులు తీసుకుపోయారు. మర్నాడు రైలుపట్టాల దగ్గర శవం దొరికింది. కట్టిన తాడు పళ్ళతో కొరుక్కుని పారిపోయాడు, రైలు కింద పడ్డాడు అన్నారు పోలీసులు. ఆ తల్లి 1988లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే కోర్టువారు పిటిషనుగా తీసుకుని జిల్లా జడ్జిచేత విచారణ చేయించారు. ఆ గాయాలు లాఠీవంటి వాటితో కొట్టినవని తేలింది. 1993 మార్చిలో తీర్పు వచ్చింది: ప్రాథమిక హక్కును ప్రభుత్వమే భంగపరిచినప్పుడు సార్వభౌమాధికారం అడ్డు చెప్పడానికి వీల్లేదు, తల్లికి లక్షా యాభైవేలు ఇవ్వాలి.

మూడోది మన తెలుగుగడ్డ మీదిది. 1977 మేలో అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో తండ్రీ కొడుకులు ఖైదీలుగా ఉన్నారు. ప్రాణభయం ఉంది, కాపలా పెట్టండని ముందే మొరపెట్టుకున్నారు. వినిపించుకున్నవాళ్ళు లేరు. ఒక రాత్రి బాంబులు పడ్డాయి. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇమ్మంది. ప్రభుత్వం 1964 నాటి బంగారం తీర్పును అడ్డుపెట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2000లో అక్కడా ఓడిపోయింది. ఖైదీకీ ప్రాణహక్కు ఉంది, ఆ పాత తీర్పు బలం సన్నగిల్లింది అన్నారు న్యాయమూర్తులు.

"డబ్బిస్తే పోయిన ప్రాణం వస్తుందా? ఆ డబ్బు మాత్రం ఎవరిది, మనం కట్టే పన్నులు కావా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే బాధ్యులెవరో తేల్చి వాళ్ళమీద చర్య తీసుకోవాలని నీలావతి కేసులో కోర్టువారు చెప్పారు. అయితే మనం చట్టం తప్పితే పట్టుకోవడానికి పోలీసులున్నారు. పోలీసులే తప్పితే? తప్పుకు ఖర్చు లేనప్పుడు పైవాళ్ళు కిందివాళ్ళను అదుపులో పెట్టరు. అడిగి రాబట్టుకోలేనిది హక్కు అనిపించుకోదు, ఏలినవారి దయ అనిపించుకుంటుంది. దయ ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు.

మన ప్రభుత్వంవారు 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరారు. కాని అక్రమంగా అరెస్టయినవారికి పరిహారం హక్కుగా ఇవ్వాలన్న భాగానికి మాత్రం కట్టుబడమని రాసుకున్నారు. చిత్రహింసలను నిషేధించే ఒడంబడిక మీద 1997లో సంతకం చేశారు, ఇంకా ఆమోదించలేదు. మాటివ్వడంలో ఉన్న ఉత్సాహం కట్టుబడడంలో లేదు.

కాబట్టి, సోదరీమణులారా, 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన నియమాలు కొన్ని మనసులో పెట్టుకోండి. అరెస్టు చేసేటప్పుడు కాగితం రాయాలి, ఇంటివారో ఊరి పెద్దలో సాక్షి సంతకం పెట్టాలి. ఎక్కడ ఉంచారో అయినవాళ్ళకు తెలియజెయ్యాలి. నిర్బంధంలో ఉన్నంతకాలం నలభై ఎనిమిది గంటలకోసారి డాక్టరుచేత పరీక్ష చేయించాలి. ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగమే చెబుతోంది. ఎవరి ఇంటికి ఆ కష్టం వచ్చినా స్టేషనులో "కాగితం ఏదండీ?" అని అడగండి. అడగడం నేరం కాదు.