జాతకచక్రము – గడియల లెక్క

గడియారము లేని కాలమున, నీటిపాత్రలో తేలవిడిచిన చిల్లుగల రాగిగిన్నె మునుఁగుటను గడియగా లెక్కించి, జననవేళను నిర్ణయించి, దైవజ్ఞులు తాటాకుపై గంటముతో పండ్రెండు గదుల చక్రమును గీయుచుండిరి.

6వ శతాబ్దిని వరాహమిహిరుఁడు బృహజ్జాతకమున సంగ్రహించిన యీ జాతకశాస్త్రమున యవనుల రాశిపద్ధతియు మన నక్షత్రగణనయు కలిసియున్నవి. అహోరాత్రము 60 గడియలు. తూర్పున ఉదయించు రాశియగు లగ్నము సుమారు 5 గడియలు నిలుచును. అందు తొమ్మిదవ పాలగు నవాంశయో అరగడియకు మించిన స్వల్పకాలముననే మాఱిపోవును. చంద్రుఁడు జన్మనక్షత్రమున గడచిన భాగమునుబట్టి గ్రహముల పాలనాకాలములను వరుసగాఁ జెప్పు 120 ఏండ్ల వింశోత్తరీదశ గట్టుదురు గనుక, జననకాలమున ఒక్క గడియ తప్పినచో, 20 ఏండ్ల శుక్రదశలో జన్మించిన శిశువునకు దశాశేషము ఇంచుమించు నాలుగు నెలలు అటునిటగును.

కావున జాతకములోని చిక్కు ఫలభాగముకంటె ముందు కాలగణనముననే కలదు. ఫలమును నమ్మనివారును ఆ గణితశ్రమను గౌరవింపఁదగును.