చర్యాత్మక పరిశోధన – దాని పుట్టుక, మన బడులు

పరిశోధన అనగానే మనకు యూనివర్సిటీలూ, లావుపాటి గ్రంథాలూ గుర్తుకొస్తాయి. బడిపంతులుకు దానితో ఏం పని అని అడిగేవారూ ఉన్నారు. కానీ ఉపాధ్యాయుడే తన తరగతిని పరిశీలించి సరిదిద్దుకునే పద్ధతి ఒకటుంది. దాన్నే చర్యాత్మక పరిశోధన అంటారు.

దీనికి ఆద్యుడు కర్ట్ లెవిన్. 1890లో యూదు కుటుంబంలో పుట్టి బెర్లిన్‌లో పాఠాలు చెబుతుండగా, 1933లో హిట్లరు అధికారానికి రావడంతో అమెరికా వలస వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ మంచి మాంసానికి కరువొచ్చింది. గుండె, గుర్దాలు వండమని గృహిణులకు చెప్పాలి. మన ఇళ్లలో గుర్దాలంటే లొట్టలేస్తాం గానీ, వాళ్లకు ఏవగింపు! లెవిన్ కొందరికి ఉపన్యాసం ఇప్పించాడు. మరికొందరిని తమలో తాము చర్చించుకుని నిర్ణయానికి రమ్మన్నాడు. తర్వాత విచారిస్తే, ఉపన్యాసం విన్నవారిలో నూటికి 3 గురు, చర్చించుకున్నవారిలో నూటికి 32 మంది వాటిని కొత్తగా వండారు. చెప్పించుకున్న మాటకంటే తాము తేల్చుకున్న మాటకే బలమెక్కువ అన్నమాట.

1946లో ఆయన అల్పసంఖ్యాకుల సమస్యలపై రాసిన వ్యాసంలో ఈ పద్ధతిని వివరించాడు. పథకం వేయాలి, ఆచరించాలి, ఫలితం చూడాలి, మళ్లీ పథకాన్ని దిద్దుకోవాలి. అల్పసంఖ్యాకులకు తమపై తమకు నమ్మకం లేకపోవడమే పెద్ద అడ్డంకి అని కూడా అన్నాడు. మరుసటి ఏడే కన్నుమూశాడు.

కొలంబియాలో స్టీఫెన్ కోరీ 1953లో దీన్ని బడులకు వర్తింపజేస్తూ పుస్తకం రాశాడు. ఇది శాస్త్రం కాదని పండితులు పెదవి విరిచారు. ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో, ఉపాధ్యాయుడే పరిశోధకుడని గట్టిగా వాదించాడు. మన దేశంలో 1986 జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన డైట్‌లకు ఈ పని కూడా అప్పగించారు.

అయితే మార్కులకోసం ఒక రికార్డు రాసి అటకెక్కిస్తే ఏం లాభం? పిల్లలు బడికి రాకపోతే తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనేయడం తేలిక. ఏ రోజు, ఏ పిరియడ్లో, ఎవరు రావడం లేదో నెల రోజులు రాసి చూద్దాం. ఇంటికెళ్లి కారణం అడుగుదాం. ఒక్క మార్పు చేసి మళ్లీ లెక్కిద్దాం. హెడ్మాస్టరు, ఉపాధ్యాయులు, కమిటీ పెద్దలు కలిసి కూర్చుంటే దీనికి కావలసింది ఒక నోటుబుక్కే. ఉర్దూ మీడియం బడిలో మధ్యలో ఆగిపోయే ఒక్క అమ్మాయి నిలబడినా, ఆ నోటుబుక్కు విలువ తీరినట్టే.