తెప్ప దిగువకే పోయింది

12 అడుగుల వెడల్పు, 15, 16 అడుగుల పొడవు. నీటికి ఆరేడు అంగుళాల ఎత్తున తేలే పలకల అరుగు. మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’లో ఇద్దరు పారిపోయినవాళ్లకు అదే ఇల్లు. ఒకడు తాగుబోతు తండ్రి దెబ్బలు తప్పించుకున్న తెల్లపిల్లాడు హక్. రెండోవాడు జిమ్ అనే నల్లజాతి బానిస. తనను 800 డాలర్లకు న్యూ ఆర్లీన్స్‌కు అమ్మేస్తారని చెవిన పడగానే పారిపోయాడు. పగలు చెట్ల చాటున దాక్కుని, రాత్రి మిసిసిపీ మీద సాగుతారు. హక్ వంతు కాపలా కూడా చాలాసార్లు జిమ్మే కాస్తాడు, పిల్లాణ్ణి నిద్ర లేపడు.

ఒడ్డు ఎక్కిన ప్రతిసారీ హక్ పేరు మారుస్తాడు. ఒకచోట ఆడవేషంలో సారా విలియమ్స్, ఇంకోచోట జార్జ్ జాక్సన్. జిమ్ దగ్గర మాత్రం హక్కే. ఒడ్డున గ్రాంజర్‌ఫర్డ్‌ల ఇల్లు చూడముచ్చటైనది; మనుషులూ మర్యాదస్తులే. కానీ ఇంకో కుటుంబంతో, ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేని పగతో, చర్చికి కూడా తుపాకులతో వెళతారు. ఆ పగకు బలైన ఆ ఇంటి పిల్లాడు, తన ఈడువాడైన బక్ శవాన్ని నీళ్లలోంచి లాగి, ముఖం కప్పి, హక్ ఏడుస్తాడు.

అలాగని నది వాళ్ల పక్షాన లేదు. ఎదురు ఒడ్డున ఉన్న ఇల్లినాయిస్ పేరుకు స్వేచ్ఛా రాష్ట్రమే, పారిపోయిన బానిసను అక్కడా పట్టుకోవచ్చు. అందుకే కైరో అనే ఊరి దాకా దిగి, స్టీమరెక్కి ఒహాయో నది మీదుగా ఎగువకు, దూరపు స్వేచ్ఛా రాష్ట్రాలకు పోవాలనుకున్నారు. పొగమంచులో కైరో దాటిపోయింది. ఆపైన ప్రతి మైలూ బానిసత్వపు నడిబొడ్డుకే.

ట్వేన్‌కు తెలిసిన నది కూడా ఆ దిగువే. 1859లో పైలట్ లైసెన్సు పొంది, సెయింట్ లూయీ, న్యూ ఆర్లీన్స్ నడుమ స్టీమర్లు నడిపాడు. అంతకు ముందు ఏడాదే తమ్ముడు హెన్రీని స్టీమర్ బాయిలర్ పేలుడు బలిగొంది. 1876లో మొదలుపెట్టిన ఈ నవలను మధ్యలో వదిలేశాడు. 1882లో మళ్లీ ఆ నదిమీద తిరిగొచ్చి, మరుసటేడు ముగించాడు. అమెరికాలో అచ్చయింది 1885లో, బానిసత్వం రద్దయిన 20 ఏళ్లకు.

తెలుగులో నండూరి రామమోహనరావు అనువాదంతో ఎందరో ఈ కథను సాహసగాథగా చదువుకున్నారు. నన్ను వదలనిది మాత్రం తెప్ప ఖాళీ అయిన ఘట్టం. తెప్ప మీదకు చేరిన మోసగాడు 40 డాలర్లకు జిమ్‌ను పట్టించేశాడు. ఒంటరిగా కూర్చున్న హక్, బానిసకు సాయపడటం పాపమని నేర్పిన ఒడ్డు మాట విని, జిమ్ యజమానురాలికి అతని ఆచూకీ చెబుతూ ఉత్తరం రాస్తాడు. మనసు తేలికపడుతుంది. అంతలో తనను నిద్ర లేపకుండా కాపలా కాసిన జిమ్ గుర్తొస్తాడు. నరకానికైనా పోతాననుకుని, ఉత్తరం చింపేస్తాడు.