పెళ్ళిసామాను పట్టీ, ఆరువేల నియమాలు

మా పెదనాన్నకు బంధువర్గంలో ఒక ప్రత్యేకమైన కొలువు ఉండేది. ఎవరింట పెళ్ళి తలపెట్టినా సామాను పట్టీ రాసి, బజారుకు బయలుదేరే ముందు ఆయనకు చూపించేవారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని పైనుంచి కిందికి ఒకసారి చదివి, "అరటిపిలకలు రాశారు సరే, కట్టడానికి పురికొస ఏదిరా? గుండిగలు నాలుగైతే మూతలు మూడే ఉన్నాయేం?" అనేవారు. ఎలా కనిపెట్టారంటే చెప్పలేకపోయేవారు. "చూస్తే తెలీటం లేదూ?" అన్నదే జవాబు. ఒక వేసవి సెలవుల్లో ఆయన చెప్పేవన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. ఇదే పనిని జీతమిచ్చి, "నాలెడ్జి ఇంజనీరు" అన్న హోదా తగిలించి చేయించుకునే రోజులు అప్పటికే అమెరికాలో వచ్చి ఉన్నాయని నాకు చాలా ఏళ్ళ తరువాతగానీ తెలియలేదు.

కృత్రిమ మేధ వ్యాపారంలో కాలుపెట్టిన కథ చాలావరకు ఇటువంటి పట్టీ కథే.

1977లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ (పొట్టిగా "డెక్") వ్యాక్స్-11/780 అనే కంప్యూటరును విడుదల చేసింది. ఈ కంపెనీవారు సరుకు అమ్మే తీరు మన ఫుల్లుమీల్సు వంటిది కాదు; ఇడ్లీ ఒకటి, వడ ఒకటి, చట్నీ విడిగా అని చెప్పించుకునే ఫలహారశాల పద్ధతి. ఎంత జ్ఞాపకశక్తి కావాలో, ఎన్ని డిస్కులు, ఎన్ని టెర్మినళ్ళు కావాలో కొనేవారి ఇష్టం. వీటిని బిగించే బీరువాలు, కరెంటు అందించే పెట్టెలు, ఒకదాన్ని మరొకదానితో కలిపే తీగలు – అన్నీ కలిపి విడిభాగాలు వందల రకాలు. అమ్మకందారు ఆర్డరు రాసేటప్పుడు ఒక తీగ మరచిపోయినా, ఒక పలకకు తగని బీరువా రాసినా, లక్షల డాలర్ల యంత్రం కొన్నవారి గదిలో పనిచేయకుండా పడి ఉంటుంది. అందుచేత ప్రతి ఆర్డరునూ అనుభవజ్ఞులు కూర్చుని చదివి దిద్దేవారు. అది చాలదన్నట్టు, ఫ్యాక్టరీలోనే యంత్రాన్ని పూర్తిగా కూర్చి, నడిపి చూసి, మళ్ళీ ఊడదీసి, పెట్టెల్లో సర్ది పంపేవారు. అమ్మకాలు పెరుగుతున్నకొద్దీ ఈ దిద్దుబాటుదారుల కొరత కంపెనీ మెడకు చుట్టుకున్నది. ఫోర్‌ట్రాన్, బేసిక్ భాషల్లో మామూలు ప్రోగ్రాములు రాసి చూశారు. కుదరలేదు.

1978 చివరలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని జాన్ మెక్‌డెర్మట్ ఈ పని మీద కూర్చున్నాడు. ఆయన రాసిన ప్రోగ్రాము పేరు ఆర్1. కంపెనీ దాన్ని ఎక్స్‌కాన్ అని పిలుచుకున్నది. మామూలు ప్రోగ్రాములో మొదట ఇది, ఆపైన అది అని వరుస ముందే రాసి ఉంటుంది. ఇందులో ఆ వరుస లేదు. ఉన్నవల్లా "ఇలా ఉంటే అలా చెయ్యి" అనే నియమాలు. వాటి ధోరణి తెలియడానికి ఒకదాన్ని నా మాటల్లో చెబుతాను: ఇప్పుడు నడుస్తున్న పని కరెంటు పెట్టెను అమర్చడమే అయితే, బీరువాలో ఫలానా పలక తన చోట కూర్చుని ఉంటే, దానికి కరెంటు ఇంకా అందకుండా ఉంటే, పక్కన ఖాళీ ఉంటే – పెట్టెను ఆ ఖాళీలో పెట్టు. యంత్రం చేసేది ప్రస్తుత పరిస్థితిని నియమాలతో పోల్చి చూడటం, పొసగిన నియమాన్ని అమలు చేయడం, దానివల్ల మారిన పరిస్థితిని మళ్ళీ పోల్చి చూడటం. ప్రతిసారీ నియమాలన్నిటినీ మొదటినుంచీ తిరగేస్తే పని తెమలదు కనుక, మారినంత మేరకే చూసుకునే ఉపాయాన్ని అదే విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫోర్జీ కనిపెట్టాడు. దాని పేరు రీటె.

నాకు ఈ ప్రోగ్రాములో అన్నిటికన్నా ముచ్చటగా తోచేది, వేసిన అడుగును దాదాపు ఎన్నడూ వెనక్కి తీసుకోకపోవడం. చదరంగం ఆడే ప్రోగ్రాము ఈ ఎత్తు వేస్తే ఏమవుతుంది, ఆ ఎత్తు వేస్తే ఏమవుతుంది అని వేలకొద్దీ దారులు వెతుకుతుంది. ఆర్1కి ఆ వెతుకులాట అక్కరలేదు. ప్రతి మలుపులోనూ ఏది సరైనదో చెప్పేటంత తెలివిడి నియమాల్లోనే ఉన్నది. మా పెదనాన్న పట్టీ చదివే తీరు కూడా అదే.

1979 శరత్కాలంలో దీనికి పరీక్ష పెట్టారు. యాభై ఆర్డర్లు ఇచ్చి, ఫలితాలను నిపుణుల చేత దిద్దించారు. దొరికిన తప్పుడు నియమాలను సరిచేసి, 1980లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని సేలం ఫ్యాక్టరీలో పనిలో పెట్టారు. 1986 నాటికి అది 80,000 ఆర్డర్లను చూసింది; నూటికి 95 నుంచి 98 దాకా సరిగ్గా తేల్చింది. దీనివల్ల డెక్‌కు ఏటా రెండున్నర కోట్ల డాలర్లు మిగిలాయని ఒక లెక్క, నాలుగు కోట్లని మరొక లెక్క. ఎంత మిగిలినా, కృత్రిమ మేధ లాభనష్టాల పద్దుల్లోకి ఎక్కిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

ఆర్1 ఆకాశం నుంచి ఊడిపడలేదు. స్టాన్‌ఫర్డులో 1965లో మొదలైన డెండ్రాల్ రసాయనాల అణునిర్మాణాన్ని ఊహించేది. 1970లలో వచ్చిన మైసిన్ రక్తంలోని అంటురోగాలకు మందులు సూచించేది. పరీక్షల్లో వైద్యులతో దీటుగా నిలిచినా వైద్యశాలలో నిత్యవాడుకకు రానేలేదు. వీటి వెనుక ఉన్న ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ వాదం ఒక్కటే: యంత్రానికి తర్కం నేర్పితే చాలదు, ఆ రంగం గురించిన జ్ఞానం దండిగా పొయ్యాలి.

రామాయణంలో పిడకలవేట అనుకోకపోతే ఇక్కడ మనవాడి మాట ఒకటి చెప్పుకోవాలి. 1994లో ట్యూరింగ్ పురస్కారాన్ని ఫైగెన్‌బామ్‌తో కలిసి పంచుకున్నవారు రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో ఇంజనీరింగు చదివి, స్టాన్‌ఫర్డు మీదుగా కార్నెగీ మెలన్‌కు చేరిన వ్యక్తి. ఎక్స్‌కాన్ ఆయన చేసినది కాదు. ఆయన కృషి మాటను గుర్తుపట్టే యంత్రాలమీద. అక్కడ 1970లలో తయారైన హియర్‌సే-2లో ధ్వని తెలిసిన నిపుణుడు ఒకడు, పదాలు తెలిసినవాడు ఒకడు, వ్యాకరణం తెలిసినవాడు ఒకడు ఒకే నల్లబల్ల చుట్టూ చేరి, తలా ఒక ఊహ రాస్తూ, ఒకరి రాతను ఒకరు బలపరుస్తూ, కొట్టేస్తూ వాక్యాన్ని తేలుస్తారు. ఈ నిపుణులంతా ప్రోగ్రాములే. పురస్కారం ప్రకటించినవారు వారిద్దరి కృషిలో ప్రత్యేకించి ఎత్తిచూపినది, ఈ విద్యకు వ్యాపారంలో విలువ ఉన్నదని చేసి చూపించడాన్ని.

ఆ విలువ ఉన్నదని తెలిశాక వ్యాపారులు ఊరుకుంటారా? 1980ల నడిమికి ప్రతి పెద్ద కంపెనీలోనూ ఒక కృత్రిమ మేధ విభాగం వెలిసింది. 1988 నాటికి ద్యూపాంట్ కంపెనీలో వంద నిపుణ వ్యవస్థలు వాడుకలో ఉండగా, మరో ఐదువందలు తయారవుతున్నాయి. క్యాంప్‌బెల్ సూపుల కంపెనీ కథ నాకు బాగా గుర్తుండిపోయింది. డబ్బాల్లోని సూపును వేడిచేసి క్రిములను చంపే మేడంత యంత్రాలు వారివి. అవి మొరాయిస్తే కారణం చెప్పగలిగినవాడు నలభై ఏళ్ళకు పైగా అక్కడ పనిచేసిన ఒక పెద్దాయన. ఆయన పదవీ విరమణ దగ్గరపడుతున్నదని తెలిసి, నెలల తరబడి ఆయనను ప్రశ్నలడిగి, నూటయాభై చిల్లర నియమాలుగా రాసుకున్నారు. ఆయనకు ఇది గౌరవంగా అనిపించిందో, సెలవు తీసుకోకముందే తన కుర్చీ ఖాళీ చేయించినట్టు అనిపించిందో అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను.

ఈ ప్రోగ్రాములు రాయడానికి లిస్ప్ భాషకోసమే ప్రత్యేకంగా చేసిన కంప్యూటర్లు అమ్మే కంపెనీలు కూడా పుట్టాయి. అన్నట్టు, ప్రపంచంలో మొట్టమొదట "డాట్‌కామ్" పేరు నమోదు చేసుకున్నది అటువంటి కంపెనీయే – సింబాలిక్స్, 1985 మార్చి 15న. రెండేళ్ళు తిరిగేసరికి మామూలు వర్క్‌స్టేషన్లు తక్కువ ధరకే అంత పనీ చేయసాగాయి. 1987లో ఆ అంగడి కూలింది.

నిపుణ వ్యవస్థలు చతికిలపడటానికి ఈ కూలడమే కారణమని చెప్పేవారున్నారు. నాకు ఆ మాట తృప్తినివ్వదు. లోపం మరింత లోపల ఉన్నది. మైసిన్‌లో ఒక నియమం ఉండేది: రోగి ఎనిమిదేళ్ళలోపు పిల్లవాడైతే టెట్రాసైక్లిన్ ఇవ్వవద్దు. కారణం వైద్యులకు తెలుసు – ఆ మందు ఎదిగే పళ్ళకు శాశ్వతంగా మరక పట్టిస్తుంది. కానీ ఆ కారణం నియమంలో ఎక్కడా లేదు. ఆ నియమాలతో వైద్య విద్యార్థులకు పాఠం చెప్పించబోయిన విలియం క్లాన్సీకి ఈ సంగతి ఎదురయింది. "ఎందుకు ఇవ్వరాదు?" అని అడిగితే యంత్రం దగ్గర ఉన్న జవాబు "వయసు ఎనిమిదికి లోపు కనుక" అన్నదొక్కటే. మరక పడితే పడనీ, ప్రాణం మీదికి వచ్చింది, వేరే మందు లేదు అన్న సందర్భంలో వైద్యుడు ఆ నియమాన్ని దాటగలడు. యంత్రం దాటలేదు, తాను దేనిని కాపాడుతున్నదో దానికి తెలియదు.

ఇదే కష్టం డెక్‌ను మరొక వేషంలో పట్టుకున్నది. 1979లో ఏడువందల చిల్లర ఉన్న నియమాలు 1987 నాటికి సుమారు 6,200 అయ్యాయి. కొత్త విడిభాగం వచ్చినప్పుడల్లా పాతవి మార్చాలి. ఏటా దాదాపు సగం నియమాలు మారవలసి వచ్చేవి. ఒకచోట ఒకటి చేరిస్తే, దానితో సంబంధమే లేదనుకున్న మరొకటి అదను తప్పేది. ఏ నియమం ముందు, ఏది వెనుక అన్నది పైకి చెప్పకుండా, షరతుల్లో లోపాయికారీగా దాచి రాసిన చోట్లు అనేకం. దాచినవారు వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. చివరికి మొత్తాన్ని ఒక కట్టుబాటులోకి తేవాలని కొత్త పద్ధతిలో తిరగరాయవలసి వచ్చింది. దిద్దుబాటుదారుల కొరత తీర్చడానికి వచ్చిన ప్రోగ్రాముకు తనను దిద్దేవారి దళం ఒకటి కావలసి వచ్చిందన్నమాట. అయినా కంపెనీకి అది గిట్టుబాటే అయిందని నా అభిప్రాయం. ఎక్స్‌కాన్‌ను విఫలమనడం అన్యాయం. డెక్ దెబ్బతిన్నది చిన్న కంప్యూటర్ల పోటీవల్ల. 1998లో కంపాక్ దాన్ని కొనేసింది.

నియమాల ప్రోగ్రాములు మాత్రం పోలేదు. అప్పులు మంజూరు చేసేచోట, బీమా లెక్కగట్టేచోట "బిజినెస్ రూల్స్" అన్న పేరుతో నేటికీ ఉన్నాయి. ఫోర్జీ ఉపాయం వాటిలో చాలావాటికి ఆధారం. వాటిని కృత్రిమ మేధ అని ఎవరూ అనరు. ఆ బిరుదు ఇప్పుడు కోట్ల వాక్యాలు చదివి తమంతట తామే నేర్చుకునే నమూనాలకు దక్కింది. వాటిలో మనిషి కూర్చుని రాసిన నియమాలు లేవు కనుక, ఎందుకని అడగడానికి కూడా ఒకరు లేరు.

నా నోటుపుస్తకం సంగతి మిగిలిపోయింది. రెండు మూడు పెళ్ళిళ్ళకు అది బాగానే పనికొచ్చింది. తరువాత కల్యాణమండపాలు వచ్చాయి, గుండిగలు, అరటిపిలకలు అన్నీ వాళ్ళవే అయ్యాయి; సగం పేజీలు కొట్టివేతలే. మొన్న అటక సర్దుతుంటే దొరికింది. ఏడో పేజీలో నా దస్తూరీతోనే ఉంది: "చింతపండు, విడిగా ఒక పిడికెడు. వంటవాళ్ళకు ఇవ్వకూడదు." ఎందుకో రాసుకోలేదు. ఇత్తడి సామాను తోమడానికి అయ్యుంటుందని మా అమ్మ అంటుంది. కాదు, పెళ్ళివారి బస్సులో కడుపులో తిప్పేవారికోసమని మా మేనత్త. పెదనాన్న పోయి పదకొండేళ్ళయింది.