మూలుగు ఆగితే

రాత్రి రెండు దాటింది. మీరు కేజీహెచ్ నవజాత శిశు విభాగంలో నైట్ డ్యూటీ సిస్టరు. 1923 నుంచి విశాఖ కొండవాలున నిలబడ్డ ఈ పెద్దాసుపత్రికి ఏజెన్సీ నుంచీ, శ్రీకాకుళం నుంచీ కష్టమైన కాన్పులు వస్తూనే ఉంటాయి. ఇప్పుడే లేబర్ రూము నుంచి తెచ్చిన బాబు వార్మరు కింద ఉన్నాడు. 32 వారాలకే పుట్టేశాడు.

తలుపు దగ్గర అమ్మమ్మ. "సిస్టరమ్మా, గుంటడు మూలుగుతున్నాడేటి?"

చుట్టిన బట్ట విప్పుతారు. కళ్లు పొట్ట మీద, గడియారం పక్కన. నిండా ఒక నిమిషం లెక్కపెడతారు. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు. పసివాళ్లు గబగబా పీల్చి, ఐదు పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. ఆ ఆగడం 20 సెకన్లు దాటితే ప్రమాదం. ఈ బాబు ఆగడం లేదు, పరుగెడుతున్నాడు: 72. అరవై దాటకూడదు.

పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటోంది. రొమ్ము ఎముక కింద గుంట పడుతోంది. ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. అరిచేతులు నీలంగా ఉన్నాయి కానీ, అది పుట్టిన కొత్తలో మామూలే. చూడాల్సింది నాలుక. గులాబీ రంగులోనే ఉంది.

ఇక ఆ మూలుగు. నెలలు నిండని ఊపిరితిత్తుల్లో, గాలిగదులను తెరిచి ఉంచే సర్ఫాక్టెంట్ చాలదు. ఊపిరి వదలగానే గాలిగదులు అతుక్కుపోతాయి. అలా కాకుండా బాబు గొంతు బిగించి, కాస్త గాలి లోపలే ఆపుకుంటున్నాడు. మీకు వినిపిస్తున్నది ఆ పెనుగులాటే.

1956లో సిల్వర్‌మన్, ఆండర్సన్ ఇచ్చిన పట్టికలో ఐదు గుర్తులు, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు. అంకె పెరిగితే ఆయాసం పెరిగినట్టు. మీ లెక్కకు ఐదు. ఫోను ఎత్తుతారు. "మేడమ్, 32 వారాల బాబు. రేటు 72, సిల్వర్‌మన్ 5, మూలుగుతున్నాడు. సీపాప్ రెడీ చేస్తున్నాను."

డాక్టరమ్మ వచ్చేసరికి గొట్టాలు సిద్ధం. ముక్కులో ప్రాంగ్స్ అమరాయి, నీళ్ల సీసాలో బుడగలు లేచాయి. గొంతు పడే శ్రమను ఇక సీపాప్ గాలి ఒత్తిడి పడుతుంది.

గంట తర్వాత మూలుగు ఆగింది. అమ్మమ్మ ముఖం విప్పారింది. "తొంగున్నాడు కదేటి?"

మీరు వెంటనే తలూపరు. అలసిపోయిన బిడ్డ కూడా మూలగడం మానేస్తాడు. అప్పుడు రేటు పడిపోతుంది, గుంట మాత్రం పోదు, ఆ తర్వాత ఊపిరే ఆగుతుంది. మళ్లీ నిమిషం లెక్క: 56. రొమ్ము కింద గుంట దాదాపు లేదు. కుడిచేతి ప్రోబు ఆక్సిజన్ 93 శాతం చూపిస్తోంది. స్కోరు 1.

"తేరుకుంటున్నాడమ్మా," అంటారు కేసు షీటులో టైము వేస్తూ. "అయినా అరగంటకోసారి చూస్తూనే ఉంటాను."