గోటి మీద కాకిబంగారం

భారతీయ కళల చరిత్రలో ఆలయ శిల్పానికీ, కుడ్యచిత్రాలకూ లభించిన స్థానం నట్టింట పుట్టి అక్కడే చెరిగిపోయే చిన్న కళలకు లభించలేదు. ముగ్గు సాయంకాలానికి చెరిగిపోతుంది. పారాణి నాలుగు రోజులలో వెలిసిపోతుంది. గోటి మీది రంగు గోటితోపాటు పెరిగి, గోటితోపాటే తెగిపోతుంది. శాసనాలకెక్కని ఈ కళలను ప్రాచీనులు మాత్రం చిన్నచూపు చూడలేదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరవైనాలుగు కళలలో దశనవసనాంగరాగం ఒకటి. దంతాలకు, వస్త్రాలకు, దేహానికి రంగులద్దే నేర్పును ఆయన సంగీత నాట్యాల సరసనే నిలిపాడు.

నేడు ఇళ్ళలో ఆడపిల్లలు గోళ్ళపై తళుకుపొడి అద్దుకొనే అలంకరణ ఈ పరంపరలో సరికొత్త మలుపు. దీనిని కేవలం పాశ్చాత్యానుకరణగా భావించేవారు ఉన్నారు. అయితే ఈ చిన్న సీసాలోని పదార్థాల జాడ వెదికితే ఆ దారి పరాయి దేశాల మీదుగా తిరిగి తిరిగి చివరకు ఛోటా నాగపూర్ అడవులకూ, నెల్లూరు గనులకూ చేరుతుంది. ఆ దారిని గమనించడానికి జంషెడ్‌పూర్‌లోని కద్మా అనువైన చోటు.

కద్మా: మూడు సంప్రదాయాల కూడలి

కాళీమాటి స్టేషను సమీపాన సాక్చి గ్రామంలో టాటా ఉక్కు కర్మాగారం 1912లో తొలి ఉక్కును అందించింది. 1919లో ఆ పట్టణానికి జంషెడ్‌పూర్ అనీ, స్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు వచ్చాయి. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ పెరిగిన ఈ నగరంలో కద్మా ఖర్కాయి వైపున ఉన్న నివాస ప్రాంతం. బెంగాల్ - నాగపూర్ రైల్వే తూర్పుతీరాన్ని కలకత్తాతో కలిపిన తరువాత శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు ఉక్కుపనికై ఇక్కడికి తరలివచ్చారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ పేర నడుస్తున్న పాఠశాల ఆ వలసకు చెరగని గుర్తులు.

వలస వచ్చిన కుటుంబం వెంట తెచ్చుకొనేది భాష ఒక్కటే కాదు. పండుగ, వంట, అలంకరణ కూడా. తెలుగు ఇంట ఆషాఢమాసం రాగానే గోరింటాకు రుబ్బుతారు. అట్లతద్దికి మళ్ళీ చేతులు పండాలి. పొరుగున ఉన్న బెంగాలీ, ఒడియా గృహాలలో స్త్రీలు పాదాలకు అలతా దిద్దుకొంటారు. బీహారీ కుటుంబాల పెళ్ళిళ్ళలో నహఛూ అనే వేడుక ఉంది. వధూవరుల గోళ్ళు తీసి, పాదాలకు ఎర్రరంగు పూయడం అందులో ముఖ్యాంశం. తులసీదాసు రచనగా ప్రసిద్ధి చెందిన 'రామలలా నహఛూ' ఈ వేడుకను ఆధారం చేసుకొన్నదే. కోస్తాంధ్ర పెళ్ళిళ్ళలోని కాళ్ళగోళ్ళ సంబరానికీ దీనికీ గల పోలిక విస్మయం కలిగిస్తుంది. వేర్వేరు భాషలవారు ఒకే వీధిలో కాపురముండే కద్మా వంటి చోట ఇటువంటి పోలికలు గ్రంథాలు తిరగవేయకుండానే కంటబడతాయి.

గోరింట, లత్తుక

ఈ సంప్రదాయాలలో వాడే రంగులు రెండు రకాలు. గోరింట రంగు గోటిలో ఇంకేది. ఆకులోని లాసోన్ అనే పదార్థం గోటిలోని కెరాటిన్‌తో బంధం ఏర్పరచుకొంటుంది. అందుచేత ఆ రంగును కడిగినా పోదు, గీకినా పోదు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది గనుక ఆషాఢంలో పండిన గోరు కార్తీకం నాటికి కొనలో ఎర్రని నెలవంకగా మిగులుతుంది. గోరింటకు మరమ్మతు లేదు. కాలమే దానిని తొలగిస్తుంది, మరుసటి పండుగ దానిని పునరుద్ధరిస్తుంది.

లత్తుక అలా కాదు. అది పైపూత. పూర్వం దానిని లక్కనుంచి తీసేవారు. అలతా అన్న మాటకూ, లత్తుక అన్న మాటకూ మూలం సంస్కృతంలోని అలక్తకమే. మోదుగ, రేగు, కుసుమ్ వృక్షాల కొమ్మలపై లక్కపురుగులు స్రవించే జిగురును సేకరించడం ఝార్ఖండ్ ఆదివాసుల ప్రాచీన జీవనోపాధి. దేశంలో లక్క ఉత్పత్తికి నేటికీ ఈ రాష్ట్రమే ప్రధాన స్థానం. రాంచీ సమీపాన నామ్‌కుమ్‌లో లక్క పరిశోధనా సంస్థ 1924లోనే ఏర్పడింది. హైదరాబాదు లాడ్ బజారు గాజులూ, ఏటికొప్పాక బొమ్మలూ ఈ లక్కకు తెలుగునాట లభించిన గౌరవాన్ని చాటుతున్నాయి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో, హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

లక్క నుంచి లాకర్ వరకు

సంస్కృతంలోని లాక్షా శబ్దం పారశీకం, పోర్చుగీసు భాషల మీదుగా ప్రయాణించి ఇంగ్లీషులో లాకర్ అయింది. మెరిసే పూతలన్నింటికీ అదే పేరు స్థిరపడింది. కాని 20వ శతాబ్దిలో గోటి లాకర్ తయారైనది లక్కతో కాదు, నైట్రోసెల్యులోజ్‌తో. 1846లో షోన్‌బైన్ కనుగొన్న తుపాకీ పత్తి దీనికి మాతృక. 1920లలో మోటారు కార్లకు త్వరగా ఆరే రంగుగా ప్రసిద్ధి కెక్కిన ఈ పదార్థమే గోళ్ళ రంగుకూ ఆధారమయింది. అమెరికాలో క్యూటెక్స్ సంస్థ 1917లో ద్రవరూపపు పాలిష్‌ను అమ్మకానికి పెట్టింది. 1932లో ఆరంభమైన రెవ్లాన్ పారదర్శకపు రంగులకు బదులు చిక్కని వర్ణకాలను వాడి ముదురు ఛాయలను ప్రచారంలోకి తెచ్చింది.

ఈ ధోరణి భారతదేశంలో స్థిరపడిన వృత్తాంతానికి జంషెడ్‌పూర్‌తో దూరపు చుట్టరికం ఉంది. విదేశీ సౌందర్య సాధనాల దిగుమతికై విదేశీ మారకద్రవ్యం ఖర్చవుతున్న రోజులలో, 1952లో, టాటా ఆయిల్ మిల్స్ అనుబంధ సంస్థగా లాక్మే వెలసింది. 1883 నాటి ఒక ఫ్రెంచి సంగీత నాటకం పేరు అది. లక్ష్మి అన్న మాటకు ఫ్రెంచి ఉచ్చారణ. ఉక్కునగరాన్ని నిర్మించిన వాణిజ్య కుటుంబమే గోటి రంగునూ దేశీయం చేసిందన్నమాట. 1990ల చివరి నాటికి లాక్మే హిందూస్థాన్ లీవర్ చేతికి మారింది.

మెరుపు మూలాలు

రంగు ఒక ఎత్తు, తళుకు మరొక ఎత్తు. గోటి పూతకు ముత్యపు కాంతినిచ్చిన తొలి పదార్థాలలో చేపల పొలుసులనుంచి తీసిన గ్వానిన్ ఒకటి. 17వ శతాబ్దిలో పారిస్ కృత్రిమ ముత్యాల తయారీదారులు వాడిన పదార్థమే అది. తరువాత దానిస్థానంలో అభ్రకం వచ్చింది. అభ్రకపు రేణువులపై టైటానియం డైఆక్సైడు పల్చని పొరగా పూస్తే, ఆ పొర మందాన్ని బట్టి వెండి, బంగారు, నీలి కాంతులు వెలువడతాయి. 1960ల నుంచి ఈ వర్ణకాలు వ్యాప్తిలోకి వచ్చాయి. ఇక చమ్కీ వలె మిలమిలలాడే తళుకు పొడి ప్లాస్టిక్ సంతానం. 1934లో అమెరికాలోని న్యూజెర్సీలో హెన్రీ రుష్‌మన్ రూపొందించిన కోత యంత్రంతో ఆధునిక గ్లిటర్ పరిశ్రమ ఆరంభమైందని చెబుతారు. అల్యూమినియం పూసిన పల్చని పాలియెస్టర్ పొరను ఆరు మూలల తునకలుగా కోస్తారు. తేనెపట్టు గదుల వలె ఒకదానికొకటి ఆనుకొని ఉండడం వల్ల కోతలో పొర వృథా కాదు.

మెరిసే పల్చని రేకులను తెలుగువారు కాకిబంగారం అన్నారు. బంగారం కాకపోయినా బంగారం వలె మెరిసేదన్న చమత్కారం అందులో ఉంది. అభ్రకంతో తెలుగువారి సంబంధం ఈ మాటతో ముగియదు. భారతదేశంలో అభ్రకానికి రెండు పెద్ద క్షేత్రాలు. ఒకటి కోడర్మా, గిరిడీ జిల్లాల మీదుగా బీహారు వరకు సాగే మేఖల. రెండవది నెల్లూరు ప్రాంతంలోని గూడూరు, సైదాపురం పరిసరాలు. కోడర్మా అభ్రకం కెంపు ఛాయతో, నెల్లూరు అభ్రకం ఆకుపచ్చ ఛాయతో ప్రసిద్ధి పొందాయి. విద్యుత్ పరికరాలకు, రేడియోలకు అవసరమైన ఈ ఖనిజం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మిత్రరాజ్యాలకు అత్యవసర సరుకయింది. గని కార్మికుల సంక్షేమానికై 1946లో ప్రత్యేక శాసనం కూడా వచ్చింది. ఆ విధంగా కద్మాలోని తెలుగు ఇల్లు పుట్టింటి రాష్ట్రానికీ, మెట్టినింటి రాష్ట్రానికీ ఉమ్మడి సంపద అయిన ఒక ఖనిజానికి మధ్యన నిలిచి ఉంది.

అద్దకం, మరమ్మతు

తళుకు గోళ్ళ అలంకరణకు అంగడి అక్కరలేదు, ఓపిక కావాలి. ముందు గోటిని ఆకురాయితో ఒకే దిశగా నునుపు చేసి, నూనె జిడ్డు తుడిచి, రంగులేని అడుగుపూత వేస్తారు. అది ఆరిన తరువాత రంగుపూత రెండుసార్లు పల్చగా వేయాలి. ఒక్కసారే మందంగా వేస్తే పైన ఆరినట్లు కనిపించినా లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. తళుకు కలిసిన పాలిష్‌ను కుంచెతో ఈడిస్తే రేణువులు ఒక మూలకు చేరతాయి. అందుకే చిన్న స్పాంజి ముక్కమీద దానిని పోసి గోటిపై అద్దుతారు. స్పాంజి ద్రవాన్ని పీల్చుకొని రేణువులను గోటిపై విడుస్తుంది. చివర గరుకుదనం పోయేలా పైపూత వేసి, గోటి అంచుకు కూడా ఆ పూత చుట్టాలి. ఊడడం సాధారణంగా అంచునుంచే మొదలవుతుంది.

ఊడిన చోటును బాగుచేయడంలో తళుకుకు ఒక సుగుణం ఉంది. ఒకే రంగు పూతలో అతుకు వేస్తే మచ్చ వలె కనిపిస్తుంది. తళుకు పూతలో ఆ అతుకు మెరుపులో కలిసిపోతుంది. పెచ్చు లేచిన అంచును మెల్లగా అరగదీసి, ఆ గుంటలో రంగులేని పూత చుక్క వేసి, పుల్ల మొనతో నాలుగు రేణువులను పాత పూత మీదికి కొద్దిగా జరిగేలా పేర్చి, మళ్ళీ పైపూత వేస్తే చాలు. గోరే చిట్లితే టీ సంచి కాగితం ముక్కను గోటి జిగురుతో అంటించి, ఆరిన తరువాత అరగదీసే పద్ధతి ఇళ్ళలో ప్రచారంలో ఉంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. గట్టిగా పట్టే సయనోఅక్రిలేట్ జిగురు దూదికి తగిలితే చర్మం కాలేంత వేడి పుడుతుంది.

తళుకు పూతను తొలగించడం వేయడంకన్న కష్టం. విసుగుతో చాకుమొనతో గీకేవారు పూతతోపాటు గోటి పొరలనూ పోగొట్టుకొంటారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అసిటోన్‌లో తడిపిన దూదిని గోటిపై ఉంచి, అల్యూమినియం రేకు చుట్టి, పది నిమిషాలు ఆగితే పూత మెత్తబడి వస్తుంది. అసిటోన్ త్వరగా అంటుకొనే ద్రవం. పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఈ పని తగదు; గాలి ఆడే వరండా మేలు.

గోరింటకు అక్కరలేని మరమ్మతు పైపూతకు నిత్యావసరం కావడం గమనార్హం. పూర్వపు అలంకరణ దేహంతోపాటు పెరిగింది. నేటి అలంకరణ దేహం మీద నిలిచి, దాని ఎదుగుదలకే బీటలు వారుతుంది. గోటి మూలంలో పూతకూ చర్మానికీ నడుమ కనిపించే సందు అందుకు సాక్ష్యం. ఆ సందును పూడ్చే నేర్పే నేటి ఇంటి కళ.

మెరుపు వెనుక

ఈ చరిత్రలో ఒక చేదు అధ్యాయం ఉంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం, కృత్రిమ పదార్థాల రాక, సోవియట్ యూనియన్ పతనంతో తగ్గిన ఎగుమతులు కలసి కోడర్మా ప్రాంతపు గనులను మూయించాయి. గనులు మూతబడినా గిరాకీ చావలేదు. సౌందర్య సాధనాలకూ, రంగులకూ పెద్ద పలకలు అక్కరలేదు. ఢిబ్రా అని పిలిచే తుక్కు చాలు. పాడుబడిన గనుల చుట్టూ ఆ తుక్కును ఏరడం పేద కుటుంబాలకు బ్రతుకుతెరువయింది. పిల్లలు కూడా ఆ గుంటలలోకి దిగారు. 2016లో వెలువడిన పత్రికా పరిశోధన మట్టిపెళ్ళలు విరిగిపడి పిల్లలు మరణిస్తున్న సంగతిని ప్రపంచానికి తెలిపింది. 2017లో కొనుగోలుదారు కంపెనీలు బాధ్యతాయుతమైన అభ్రక సేకరణకై ఒక అంతర్జాతీయ వేదికను ఏర్పరచుకొన్నాయి. తరువాత జాతీయ బాలల హక్కుల సంరక్షణ సంఘం జరిపిన సర్వేలో ఝార్ఖండ్ అభ్రక ప్రాంతాలలో 4,500 మందికి పైగా పిల్లలు బడికి వెళ్ళడం లేదని తేలింది.

ప్లాస్టిక్ తళుకు ఈ చిక్కుకు విరుగుడు కాదు. కడిగిన ప్రతిసారీ ఆ రేణువులు మురుగుకాలువల ద్వారా నదులను చేరే అవకాశం ఉంది. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి విడిగా అమ్మే ప్లాస్టిక్ తళుకుపొడిని నిషేధించింది. గోళ్ళ రంగులకు 2035 వరకు గడువిచ్చింది. ప్లాస్టిక్‌ను వదిలిన తయారీదారులకు కనిపించే ప్రత్యామ్నాయాలలో సహజ అభ్రకం ఒకటి. అంటే నదిని కాపాడే నిర్ణయం కోడర్మా గుంటలలో పిల్లల బరువును పెంచే ప్రమాదం ఉంది. ప్రయోగశాలలో తయారయ్యే కృత్రిమ అభ్రకం ఈ రెండింటికీ మధ్యేమార్గం. కాని దానివల్ల ఢిబ్రా ఏరి పొట్ట పోసుకొనే కుటుంబాలకు వేరే ఉపాధి దొరకదు. ఆ ఉపాధి చూపవలసిన బాధ్యత ప్రభుత్వాలదీ, ఆ ఖనిజంతో లాభపడిన పరిశ్రమలదీ.

అలంకరణను నిందించి ప్రయోజనం లేదు. చేతులు పండాలని కోరుకోవడం మానవ స్వభావంలో పాతుకొన్న శుభకామన. ఆ కోరికను గోరింటచెట్టు ఎవరి పసితనాన్నీ అడగకుండా తీర్చింది. తళుకుపూతకూ ఆ శుభ్రత దక్కాలంటే సీసామీద రంగుపేరుతోపాటు అభ్రకం ఎక్కడిదో, ఎవరి చేతులు ఏరాయో కూడా తెలియాలి. కద్మా ఆడపిల్ల గోటిపై మెరిసే రేణువు ఇదే రాష్ట్రపు ఉత్తరపు అంచున మరొక ఆడపిల్ల గోళ్ళలో ఇరుక్కొన్న మట్టినుంచి వచ్చి ఉండవచ్చు. ఆ రెండవ పిల్ల చేతికి పలక అందేవరకు ఆ మెరుపుకు కాకిబంగారం అన్న పేరే తగినది.